స్టెతస్కోపు బావ, కొత్త నూనె

మా బావను రేవులో అందరూ స్టెతస్కోపు అంటారు. ఆయన డాక్టరు కాదు, కనీసం కాంపౌండరు కూడా కాదు. ఏరు దాటించే లాంచీలో ఇంజను డ్రైవరు. ముప్పై రెండేళ్లు ఆ ఒక్క ఇంజను పక్కనే కూర్చున్నాడు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. రెండు నిమిషాలయ్యాక కళ్లు తెరిచి "మూడోదానికి జలుబు చేసింది" అనేవాడు. మూడో సిలిండరు విప్పి చూస్తే జబ్బు అక్కడే ఉండేది.

ఆయనవి పాము చెవులని పేరు. ఒడ్డున లారీ ఆపి డ్రైవర్లు వచ్చి పిలుచుకుపోయేవారు. పిండిమరావిడ మర మూలిగితే కబురు పెట్టేది. ఒకసారి పక్కింటావిడ మొగుడి గురకను ఫోనులో రికార్డు చేసి తెచ్చి వినిపించింది. ఈయన సీరియస్‌గా విని, "గాలి సరిగ్గా అందట్లేదమ్మా, ఫిల్టరు మార్పించు" అన్నాడు. ఆవిడ నెల రోజులు మా ఇంటి గడప తొక్కలేదు.

నేను ఆయన భార్యకు సొంత చెల్లెల్ని. అదే లాంచీలో పదిహేనేళ్లుగా టికెట్లు చింపుతున్నాను. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. టికెట్ లేకుండా ఎక్కినవాడు నా నోటికి జడిసి ఏట్లో దూకుతాడని లాంచీ తోలే సరంగు అంటుంటాడు. ఇక నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్క ముప్పై ఏళ్ల నుంచీ చేస్తున్న ఫిర్యాదు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అలాంటిదాన్ని మూడు రోజులు నోరు కట్టుకుని తిరిగాను. ఆ మూడు రోజుల్లో రోజుకు ఎనిమిది వందల మందిని ఏరు దాటించాం. 

మా ఏరు ఎండల్లో బుద్ధిగానే ఉంటుంది. వానలు పడ్డాక దాని సంగతి వేరు. రేవుకు ఒక మైలు కింద పాత ఆనకట్ట ఉంది. నీళ్లు దాని మీదుగా పొర్లి, అవతల రాళ్ల మీద పడతాయి. లాంచీ ఏరు దాటడానికి పద్దెనిమిది నిమిషాలు. ఆ పద్దెనిమిది నిమిషాలూ ఇంజను తిరుగుతూ ఉండాలి. ఆగితే మమ్మల్ని ప్రవాహం ఆనకట్ట వైపు లాక్కుపోతుంది. రేవులో ఇది చంటిపిల్లకు కూడా తెలుసు. అందుకే ఎక్కేటప్పుడు ముసలివాళ్లు కిందికి తొంగి చూసి, "స్టెతస్కోపు ఉన్నాడా?" అని అడిగి మరీ కూర్చునేవారు.

సరంగు పైన గదిలో చక్రం పట్టుకుని ఉంటాడు. ఆయనకు ఏరు కనిపిస్తుంది, ఇంజను కనిపించదు. కింద బావకు ఇంజను కనిపిస్తుంది, ఏరు కనిపించదు. వాళ్లిద్దరి మధ్యా ఒక తీగ, తీగ చివర ఇత్తడి గంట. సరంగు పైనుంచి లాగితే కింద మోగుతుంది. ఒక గంట అంటే కదులు, రెండంటే నెమ్మది, మూడంటే ఆపు, నాలుగంటే వెనక్కి. ఇంజను గదిలో మాటలు ఎలాగూ వినపడవు కాబట్టి మిగతావన్నీ చేతి సైగలే. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనివల్లే అంత కాలం ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆ ఏడు వానల ముందు ఓనరు కొత్త నూనె తెప్పించాడు. ఊరవతల గింజలు ఆడే మిల్లులో ఆ గింజల నూనెను మందులు కలిపి, జిగురు విరిచి, కడిగి, నీళ్లలా పల్చగా చేస్తారట. దాన్ని డీజిలులో నూటికి ఇరవై పాళ్లు కలిపి ఇంజనుకు పోస్తారట. పొగ తగ్గుతుంది, గింజలు పండించేవాళ్లకూ నాలుగు మెతుకులు దక్కుతాయి. మిల్లు తరఫున ఒక చిన్న ఇంజనీరమ్మాయి వచ్చింది. మేమంతా ఆమెను నూనె మేడమ్ అనేవాళ్లం. మనిషి పుల్లలా ఉండేది గాని మాట మాత్రం గట్టిది.

"పాత ట్యాంకు సార్ ఇది. ముప్పై ఏళ్ల మడ్డి పేరుకుని ఉంటుంది. మా నూనెకు ఒక గుణం ఉంది, ఆ మడ్డినంతా కరిగించి లాక్కొచ్చేస్తుంది. కాబట్టి ముందు ట్యాంకు కడిగించండి" అంది.

"సీజన్లో లాంచీ ఆపితే జనం నన్ను కడిగేస్తారమ్మా" అన్నాడు ఓనరు.

"అయితే యాభై గంటలకోసారి ఫిల్టరు మార్చాలి, అంటే ఆరు రోజులకోసారి. పాత రబ్బరు గొట్టాలు తీసేసి నేనిచ్చినవి వేయండి." ఇలా చెప్పి, బావ చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టింది. మార్చిన తేదీ అందులో రాయాలట.

బావ ఆ పుస్తకాన్ని పెళ్లికూతురి ఫొటో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "తేదీలు మనుషులకమ్మా. ఫిల్టరు మూసుకుపోతే నా ఇంజను దగ్గుతుంది. దగ్గితే మారుస్తా" అన్నాడు.

"దగ్గేదాకా ఆగకూడదు సార్."

"నీ వయసు ఎంతమ్మా?" అని అడిగాడు బావ. పాపం ఆ పిల్ల తన సంచీ సర్దుకుంది. పోతూ పోతూ ఒక మాట అంది: "ఇంజను చప్పుడు కూడా కాస్త మెత్తబడిందని కొందరంటారు. గమనించి చెప్పండి సార్." మా కొంప ముంచింది ఆ ఒక్క మాటే. అందులో ఆ పిల్ల తప్పు ఆవగింజంత కూడా లేదు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు వారం రోజులు రేవంతా ఆ నూనె కబుర్లే. పొగ గొట్టం నుంచి వేపుడు వాసన వస్తోందని ఒకడు, ఆకలేస్తోందని ఇంకొకడు, ఒడ్డు చేరేలోపు ఇంజను వంట చేసి పెడుతుందా అని మరొకడు. రెండో రోజు బావ ఫిల్టరు విప్పితే తారులాంటి మడ్డి దిగింది. "ఆ పిల్ల చెప్పింది నిజమేనే!" అని ఆశ్చర్యపోయి కొత్తది వేశాడు. ఎనిమిదో రోజున ఇంకొకటి మార్చాడు. ఆ తర్వాత మార్చడం మానేశాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నేను టీ తీసుకుని దిగితే, ఆయన స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "మరదలా, చప్పుడు మెత్తబడింది కదూ?" అని గట్టిగా అడిగాడు.

నా మనసు పైనుంది. ఎవడో సైకిలుతో సహా ఎక్కి, మనిషికే టికెట్ తీసుకున్నాడు. వాడు దిగిపోయేలోపు పట్టుకోవాలని నా తొందర. "ఆ, అవును బావా, పట్టుగుడ్డలా ఉంది!" అని అరిచి, గ్లాసు అక్కడ పెట్టి మెట్లెక్కేశాను. అంతే నేను చేసింది.

ఆ తర్వాత ఆయన ఎవరు కనిపించినా అదే చెప్పేవాడు. "మా మరదలు కూడా అంటోంది, ఇంజను మెత్తబడిందని." రేవులో నేను అనని మాటలు కూడా నా పేరు మీద చెలామణి అవుతుంటాయి కాబట్టి పట్టించుకోలేదు.

వానలు మొదలయ్యాయి. ఏరు ఎర్రబడి, ఒడ్డు మెట్లు నాలుగు మునిగాయి. ఒక మధ్యాహ్నం లాంచీ రేవులో కట్టేసి ఉంది, ఇంజను ఆగి ఉంది. నేను కిందికి దిగాను. బావ నాకు వీపు పెట్టి పంపు తుడుస్తున్నాడు. గంట తీగకు ఒక ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంది.

"ఇదెందుకు బావా, గంటకు చొక్కా కుట్టించారా?" అన్నాను.

జవాబు లేదు. పొద్దున భోజనం క్యారేజీ విషయంలో ఒక మాట అన్నాను, ఆ కోపమనుకున్నాను. ఇంకోసారి అడిగాను. ఆయన తుడుచుకుంటూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో మాట్లాడటం!" అని కేకేశాను.

అప్పుడూ తిరగలేదు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు, శ్రుతి లేకుండా. అప్పుడు పైనుంచి సరంగు తీగ లాగి చూసుకున్నాడు, బయలుదేరే ముందు ఎప్పుడూ లాగినట్టే. గంట నా చెవి పక్కనే టంగుమంది. నేను ఉలిక్కిపడ్డాను. బావ తల ఎత్తలేదు. ఎర్ర గుడ్డ ఊగడం కంటి చివర పడ్డాక మాత్రం టక్కున లేచి, చెయ్యి లివరు మీద వేశాడు.

నాకు అనుమానం వచ్చింది. నేను చేసిన పని మంచిది కాదు, అయినా చెబుతాను. ఆయన మళ్లీ వెనుదిరిగి కూర్చున్నాక, రెండడుగుల దూరంలో నిలబడి, మామూలు గొంతుతో అన్నాను: "బావా, అక్క కళ్లు తిరిగి పడిపోయిందట."

ఆయన పంపు మీద మరకను గోటితో గీకుతున్నాడు. గీకి, గుడ్డతో తుడిచి, తృప్తిగా తల ఊపాడు. మా అక్కకు తుమ్ము వస్తే ఆవిరి పట్టమని గోల చేసే మనిషి.

వెనక్కి తిరిగి నన్ను చూసి, "ఎప్పుడొచ్చావే? పిల్లిలా దిగుతావు" అన్నాడు. నా మొహంలోకి, కాదు, నా పెదాల వైపు చూస్తూ.

సాయంత్రం తిన్నగా అక్క దగ్గరికి వెళ్లాను. అక్క బట్టలు మడతపెడుతోంది. నేను తలుపు దగ్గరే నిలబడి, "బావకు వినపడట్లేదు" అన్నాను. అక్క మడత ఆపలేదు.

"తెలుసు."

"ఎన్నాళ్లబట్టి?"

"ఎడం చెవి పోయి ఏడాది దాటింది. రెండోది ఈ మధ్యే. ముందు టీవీ గట్టిగా పెట్టేవాడు. ఇప్పుడు అసలు పెట్టడం లేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు చెప్పాలని లేదా నీకు? రోజూ ఆ లాంచీలో తిరిగేదాన్ని నేను! నేనే కాదు, ఊరంతా తిరుగుతుంది!"

"నీ నోట్లో నువ్వుగింజ నానదనే చెప్పలేదు. నాకూ ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏం మిగులుతుందే ఆయనకి? ఆ చెవులే కదా ఆయన పేరు. మొన్న నాతో ఏమన్నాడో తెలుసా? 'కొత్త నూనె పోశాక ఇంజను చాలా మెత్తబడింది, నీ చెల్లి కూడా అంది' అన్నాడు. ఎంత సంతోషంగా అన్నాడనుకున్నావు! నూనె వల్లే చప్పుడు తగ్గిందని, తన చెవులు బాగానే ఉన్నాయని నమ్ముతున్నాడు."

 అక్క ముందు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఆ రోజు నేను విననే లేదని అక్కకు చెప్పలేకపోయాను.

"గురువారం చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. మూడు రోజులే. అప్పటిదాకా నా మొహం చూసి నోరు మూసుకో" అంది అక్క. అక్క నన్ను ఎప్పుడూ ఏదీ అడగదు. సరేనన్నాను.

మూడు రోజులు! టికెట్లు చింపే చెయ్యి చింపుతూనే ఉంది, చెవులు మాత్రం కింద ఇంజను గదిలో ఉన్నాయి. పదిహేనేళ్లుగా ఆ చప్పుడు నాకు ఇంట్లో ఫ్యాను లాంటిది, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతి టకటకా లెక్కపెడుతున్నాను. ఎవరైనా పెద్దగా నవ్వితే "నోర్ముయ్యండి!" అని కసురుకున్నాను. చంటిపిల్లలతో తల్లులు ఎక్కుతుంటే వాళ్ల మొహాలు చూడలేకపోయాను. రెండో రోజు ఆగలేక కిందికి దిగి, ఆయనకు ఎదురుగా నిలబడి అడిగాను.

"ఫిల్టరు ఎప్పుడు మార్చారు బావా?"

"ఇంజను అడగలేదుగా."

"ఆ అమ్మాయి ఆరు రోజులకోసారి అంది. ఒకసారి మార్చేయండి, పోయేదేముంది?"

ఆయన మొహం ఎర్రబడింది. "టికెట్లు చింపే దానివి, నాకు ఇంజను పాఠాలా? కడగాల్సిన మడ్డంతా కడిగేసింది ఆ నూనె. ఇప్పుడెంత హాయిగా తిరుగుతుందో చూడు. పాలు తాగిన పాపాయిలా పడుకుంది." ఇంజను మీద చెయ్యి వేసి తట్టాడు. నేను మింగలేక కక్కలేక మెట్లెక్కాను. సరంగుకు ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే బావ బతుకు ఆ పూటతో సరి. చెప్పలేదు. అది కూడా నా లెక్కలోనే వేసుకోండి.

మూడో రోజు బుధవారం. పొద్దున పదిన్నర ట్రిప్పు, తొంభై రెండు మంది. ఏరు నిండుగా ఉంది, చెట్ల కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. సగం దూరం వచ్చాక, నేను ఒక ముసలాయనకు చిల్లర ఇస్తూ ఆగిపోయాను. కింద చప్పుడు పైకి లేచి, కిందికి పడి, మళ్లీ లేచింది. నీళ్లలో మునిగినవాడు గుక్క తిప్పుకున్నట్టు. చిల్లర ముసలాయన ఒళ్లో పడేసి పరిగెత్తాను.

బావ ఎర్ర గుడ్డ వైపు చూస్తూ, కాలు మీద కాలేసుకుని ప్రశాంతంగా కూర్చున్నాడు. పక్కన ఇంజను ఊపిరి అందక చస్తోంది.

"బావా! ఇంజను!" అని అరిచాను. ఆయన నా వైపు చూడలేదు. మాటలతో పని లేదని ఆయన చెయ్యి పట్టుకుని లాగి, అరచేతిని ఇంజను ఒంటికి అదిమి పట్టాను. ఇనుము ఆయన చేతి కింద వణికి, ఆగి, వణికింది. ఆయన నా మొహం చూశాడు, తర్వాత చేతిని చూసుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకు అంతా అర్థమైంది. ఇంజను గురించే కాదు. నూనె గురించి, మెత్తబడిన చప్పుడు గురించి, ఈ నెలన్నర గురించి. అంత భయం ఒక మనిషి మొహంలో నేను అంతకు ముందు చూడలేదు.

ఇంజను ఆగిపోయింది.

పైన ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ వెంటనే కేకలు. సరంగు లంగరు దింపమని అరుస్తున్నాడు. గొలుసు గరగరా దిగింది. లంగరు అడుగున ఇసుకను గీసుకుంటూ పోతోంది గాని పట్టుకోవడం లేదు. ఇంజను గది కిటికీలోంచి ఒడ్డు మీద చెట్లు మెల్లగా పక్కకు జరగడం కనిపిస్తోంది. మేం ఆనకట్ట వైపు పోతున్నాం. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

బావ చేతులు మాత్రం ఆడాయి. ఫిల్టరు డబ్బా విప్పాడు. లోపల నల్లటి ముద్ద, గుడ్డ పిండినట్టు పిండినా చుక్క నూనె దిగదు. దాన్ని నా కాళ్ల దగ్గరికి విసిరేసి కొత్తది బిగించాడు. అంతటితో అవ్వదు. గొట్టంలో గాలి చేరితే ఇంజను ఎంత తిప్పినా లేవదు. గొట్టం మీది చిన్న మర మేకు వదులు చేసి, చేతి పంపు కొడుతూ, అక్కడ కారే నూనెలో బుడగలు ఆగేదాకా చూడాలి. అది కళ్లతో చేసే పని. ఆయన కళ్లు ఆ మర మీద నుంచి కదల్లేదు. బుడగలు, బుడగలు, ఇంకా బుడగలు. పైన ఎవరో ఆడమనిషి తన పిల్ల పేరు పెట్టి పిలుస్తోంది. లంగరు ఒకసారి పట్టుకుంది, లాంచీ గుంజుకుని ఆగింది, మళ్లీ జారింది. నూనె ధార నిండుగా రావడం మొదలైంది. బావ మర బిగించి, స్విచ్చి తిప్పాడు.

ఒకసారి గురగురమంది. రెండోసారి గురగురమంది. మూడోసారి తిప్పి ఆయన ఇంజను వైపు చూడలేదు, నా మొహం వైపు చూశాడు. తిరిగిందో లేదో, తిరిగితే సరిగ్గా తిరిగిందో లేదో నా మొహంలో చూసుకుంటున్నాడు. ముప్పై రెండేళ్ల స్టెతస్కోపు! నేను ఏడుస్తూ తల ఊపాను. అప్పుడు లివరు ముందుకు తోశాడు.

ఒడ్డు చేరేసరికి కబురు మాకన్నా ముందే చేరింది. ఓనరు మెట్ల మీదే ఉన్నాడు. ఆ రోజు కొత్త పీపాలు దింపడానికి వచ్చిన నూనె మేడమ్ కూడా అక్కడే ఉంది. సరంగు దిగుతూనే లంకించుకున్నాడు.

"ఇంజనులో వంటనూనె పోసిన రోజే అనుకున్నా నేను! తొంభై మంది ప్రాణాలతో ఆటలా?"

జనం వంత పాడారు. మొన్నటిదాకా వేపుడు వాసనని నవ్విన నోళ్లే అవి. ఓనరు ఆ అమ్మాయి మీద పడ్డాడు. "నీ పీపాలు ఇప్పుడే ఎత్తుకుపో. మిగతా లాంచీల వాళ్లకు కూడా నేనే చెబుతా, ఈ దరిద్రం వద్దని."

ఆ పిల్ల నల్లటి ఫిల్టరును చేతిలో పట్టుకుని, "ఇది ఎప్పుడు మార్చారు సార్? పుస్తకం ఒకసారి చూపిస్తారా?" అని మాత్రం అడుగుతోంది. ఎవరూ వినిపించుకోలేదు. ఆమె ఫిల్టరు కింద పెట్టలేదు.

బావ లాంచీ అంచు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాడు. వినపడకపోయినా ఎవరు ఎవరిని అంటున్నారో ఆయనకు తెలుస్తూనే ఉంది. ఊరుకుంటే చాలు. నూనె మీదికి తోసేస్తే రేపు మామూలు డీజిలు, మామూలు లాంచీ, మామూలు స్టెతస్కోపు. ఆడలేక మద్దెల ఓడంటే నమ్మడానికి ఊరంతా సిద్ధంగా ఉంది. నిజం చెబుతున్నాను, ఆయన ఊరుకుంటే బాగుండునని నాకూ ఒక్క క్షణం అనిపించింది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఒక్కటి చెప్పవే. అబద్ధమాడకు. ఆ నూనె పోశాక చప్పుడు నిజంగా తగ్గిందా?"

ఆయనకు కనబడేలా మొహం ఎత్తి, ఒక్కో మాటా నెమ్మదిగా పలికాను. "నాకు తెలీదు బావా. ఆ రోజు నేను వినలేదు. వినకుండానే అవునన్నాను."

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తల ఊపి, లాంచీ దిగి ఓనరు ముందుకు వెళ్లాడు. ఆ అమ్మాయి చేతిలో ఫిల్టరు తీసుకున్నాడు.

"ముప్పై నాలుగు రోజులైంది ఇది వేసి. ఈ పిల్ల ఆరు రోజులకోసారి అంది. ఇంజను దగ్గితే మారుస్తానన్నాను. దగ్గింది. నాకు వినపడలేదు. నూనెది తప్పు కాదు ఓనరుగారూ. నా చెవులు పోయాయి." గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియక అరిచినట్టే చెప్పాడు. రేవంతా వింది.

సరంగు నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. బావ ఫిల్టరు పట్టుకుని, మడ్డి చేతులు కడుక్కోవడానికి నీళ్ల పంపు వైపు నడిచాడు.

ఓనరుకు నమ్మకం కుదరలేదు. "ఏయ్, ఆగవయ్యా! ఏం వేళాకోళమా ఇది?" అన్నాడు. బావ నడుస్తున్నాడు. "నిన్నే! ఇటు చూడు!" అన్నాడు. నడుస్తున్నాడు. మూడోసారి బావను అసలు పేరు పెట్టి, గొంతు చించుకుని పిలిచాడు. అవతలి ఒడ్డున కొంగలు లేచాయి. బావ పంపు దగ్గర వంగి, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. మేమంతా ఆయన వీపు వైపు చూస్తూ నిలబడ్డాం. 

"ఎదురుగా వెళ్లి చెప్పండి" అన్నాను ఓనరుతో.

ఆయన వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు. మర్నాడు అక్క బావను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆలస్యమైందన్నారట. లాంచీని నాలుగు రోజులు ఆపి ట్యాంకు కడిగించారు, రెండు బకెట్ల మడ్డి దిగింది. కొత్త డ్రైవరు వచ్చాడు. బావ ఇప్పుడు రేవులో పీపాల కొట్టు చూసుకుంటున్నాడు. నూనె వచ్చిన ప్రతిసారీ గాజు సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాడు, అడుగున మబ్బు కనిపిస్తే పీపా తిప్పి పంపిస్తాడు. ఫిల్టరు తేదీలు పుస్తకంలో ఆయనే రాస్తాడు, ఒక్క రోజు తేడా వస్తే కొత్త డ్రైవరును చంపుకు తింటాడు. ఆ అమ్మాయి ఇప్పుడు ఆయన్ను బాబాయి అంటుంది, ఎదురుగా నిలబడి.

లాంచీ రేవుకు చేరిన ప్రతిసారీ కొట్టు గుమ్మంలోంచి నన్ను చూసి కనుబొమలు ఎగరేస్తాడు, ఎలా ఉంది అని. మునుపైతే దిగిపోయేవాళ్ల వెంట పరిగెత్తేదాన్ని. ఇప్పుడు టికెట్ల సంచీ పక్కన పెడతాను. ఇంజను ఆగేలోపు కిందికి దిగి, బావ స్క్రూడ్రైవరు పిడి నా చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుంటాను. విన్న తర్వాతే ఆయనకు జవాబు చెబుతాను.